మన వంశం మోసిన బరువులు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో గిరిజన యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఆగస్టు 9న మనం కలుస్తాం. ఆట ఉంటుంది, పాట ఉంటుంది. ఈసారి సంఘం పెద్దలు మమ్మల్ని ‘మన మూలాలు’ గురించి మాట్లాడమన్నారు. మూలాలు అనగానే మా హాస్టల్ పిల్లలు ఫోన్లో రాజస్థాన్ కోటలు చూపిస్తారు. మనం ఫలానా రాజు వంశం అని ఎవరో వీడియో పెట్టి ఉంటారు. దాన్ని కాదనడానికి మేము రాలేదు. మన గోర్ బోలి రాజస్థానీ భాషలకు చుట్టమే. కానీ ఆ కోటకూ మన బొల్లాపల్లి, వెల్దుర్తి తాండాలకూ మధ్య ఎన్నో తరాలున్నాయి. ఆ తరాలన్నీ ఏం చేసి బతికాయి? కోట పేరు తెలిసిన పిల్లలకు ముత్తవ్వ పేరు తెలియడం లేదు. మా బాధ అది.

హాస్టల్లో చేరేటప్పుడు దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అని ఒక గడి ఉంటుంది. కొందరు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. సెంటు భూమి లేకపోయినా కొందరు ‘వ్యవసాయం’ అని రాస్తారు. ‘కూలీ’ అని రాసేవాళ్లు మరీ చిన్న అక్షరాలతో రాస్తారు. ఈరోజు మేము ఆ గడి గురించే మాట్లాడతాం. మన వంశచరిత్ర మొత్తం ఆ గడిలోనే ఉంది.

ఉప్పు గోణె

మా ఇంట్లో చాలాకాలం ఒక మందపాటి గోణె ఉండేది. జొన్నలు పోసుకునేవాళ్లం. అది ధాన్యం సంచి కాదని, ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడేసే జోడు గోణెలో ఒక సగమని మా దాదీ చెప్పింది. మా ముత్తాత తన తాతగారి ఎద్దుల మంద గురించి కథలు చెప్పేవాడట. కోస్తాలో ఉప్పు ఎత్తి, పల్నాడు మీదుగా పైదేశానికి తోలుకెళ్లి, అక్కడి నుంచి ధాన్యం తెచ్చేవాళ్లు. మన భాషలో ఆ పనే లదేణి.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 17వ శతాబ్దంలో మన దేశంలో తిరిగిన టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి, పది పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా బియ్యం, ధాన్యం, ఉప్పు మోసుకుపోవడం చూశానని రాశాడు. టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు చేరవేసింది కూడా మన వాళ్ల ఎద్దులే. రోడ్లు సరిగా లేని రోజుల్లో దేశానికి ఉప్పూ పప్పూ అందించినవాళ్లం మనం.

ఎరుకల తమ్ముళ్లూ, ఈ కథలో మీకూ సగం వాటా ఉంది. మీలో ‘ఉప్పు ఎరుకల’ అనే శాఖ ఎందుకుంది? మీ పెద్దలు పశువుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని ఊరూరా అమ్మారు గనక. ‘దబ్బ ఎరుకల’ అంటే వెదురు దబ్బలతో బుట్టలు అల్లినవాళ్లు. పూర్వీకుల పని మీ పేరులోనే రాసి ఉంది. ఇంతకన్నా పెద్ద శాసనం ఏం కావాలి?

మరి ఆ వ్యాపారం ఏమైంది? ఉప్పు సర్కారు గుత్తాధిపత్యం కిందికి పోయింది. 19వ శతాబ్దం చివర్లో నరసరావుపేట, వినుకొండల మీదుగా రైలు వచ్చింది. వెయ్యి ఎద్దులు మోసే సరుకును రైలు ఒక్క పూటలో మోసేసింది. గోణె కింద పడింది. తిరిగి బతికేవాళ్లకు తిరగడానికి పని లేకుండా పోయింది. పని పోయాక, తిరగడమే నేరమన్నారు. నేరస్థ జాతుల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలు చేశారు. ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం, సీతానగరం సెటిల్మెంట్లలో పెట్టి రోజూ హాజరు వేశారు. ఎన్నో ఎరుకల కుటుంబాల్లో తాతల పేర్లు మొదట ఎక్కింది బడి రిజిస్టరులో కాదు, ఆ హాజరు పట్టీలో. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952 ఆగస్టు 31న గానీ దేశమంతటా ఆ ముద్ర తొలగలేదు. ఈ వరుస గుర్తుపెట్టుకోండి: ముందు పని పోయింది, తర్వాత ముద్ర పడింది. మనల్ని ఎవరైనా వెనక్కి తిప్పి చెబితే, సరిచేసి చెప్పగలగాలి.

పుల్లరి కట్టిన తరం

ఎద్దుల మంద పోయినా ఆవుల మంద మిగిలింది. మా ముత్తాత తరం పశువులు మేపి, నెయ్యి అమ్మి, కట్టెలు కొట్టి బతికింది. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవికి హద్దురాళ్లు పడ్డాయి. మేపుకోవాలంటే పుల్లరి అనే పన్ను కట్టాలి. కట్టకపోతే పశువుల్ని బందెల దొడ్డికి తోలేవాళ్లు.

ఆ పుల్లరి మీదే మన పల్నాడు తిరగబడింది. దుర్గి దగ్గరి మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు ఆ పోరాటానికి ముందు నిలిచి, 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యాడు. మీరు ఆయన పేరు పాఠంలో చదివారు. ఆ పాఠాన్ని మీ ఇంటికి కలుపుకోండి. అప్పటికి మా ముత్తాత పదిహేడు పద్దెనిమిదేళ్ల కుర్రాడు, అదే అడవిలో పశువుల వెంట తిరుగుతున్నాడు. చరిత్ర పుస్తకంలో పుల్లరి ఒక పదం. మా ఇంట్లో అది ఆవును అమ్ముకున్న సంవత్సరం.

ఆనకట్టలో మన రాయి

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అది రాతి కట్టడం. పరంజాల మీద బారులు తీరి, మనుషులు తలల మీద రాళ్లూ మాలూ మోసి కట్టిన ఆనకట్ట. మా తాతా, దాదీ ఆ బారుల్లో ఉన్నారు. మా నాన్న అప్పుడు చంటిపిల్లాడు. చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలే ఆయన మొదటి ఇల్లు. దాదీ మోచేతి పైదాకా వేసుకున్న గాజుల మీద సిమెంటు పడి గట్టిపడేదట. సాయంత్రం కృష్ణలో చేతులు నానబెట్టి, గులకరాయితో గీక్కునేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ఇప్పటికీ చేతులు చూసుకున్నట్టే చూసుకునేది.

1967 ఆగస్టు 4న కుడి కాలువకు నీళ్లు వదిలారు. జొన్న, సజ్జ పండే మెట్ట పల్నాడులోకి వరి, పత్తి, మిరప వచ్చాయి. కాలువ మన తాండాల పక్క నుంచే పోయింది. కానీ కాలువ కింద భూమి ఉన్నవాళ్లు వేరు, కాలువ తవ్వినవాళ్లు వేరు. మా తాతకు తర్వాత వచ్చిన రెండెకరాల డి-పట్టా కాలువ ఎక్కని రాళ్ల మెరక.

మా అమ్మానాన్నల తరం రెండు పనులు చేసింది. ఎండాకాలం నాపరాయి గనుల్లో గునపం, సమ్మెట. లేకపోతే పిడుగురాళ్ల సున్నపు బట్టీలు. చలికాలం చివరి నుంచి మిరప కోతలు. కోత అంటే కోయడం ఒక్కటే కాదు. కల్లంలో ఆరబోయాలి, తాలు కాయలు ఏరాలి, బస్తాలు తొక్కాలి. ఆ ఘాటుకు రాత్రి కంటి మీద చేయి పెట్టుకోలేరు. గుంటూరు యార్డుకు వెళ్లే మిరప బస్తా ధర పేపర్లో పడుతుంది. ఏరిన చేయి పేరు ఏ పేపర్లోనూ పడదు. ఆ కోతల డబ్బులతోనే మేము హాస్టల్ పెట్టె కొనుక్కున్నాం, ఉపాధ్యాయ శిక్షణ చదివాం.

ఇప్పుడు లెక్క వేయండి. ఉప్పు, కట్టెలు, ఆనకట్ట రాయి, నాపరాయి, మిరప బస్తా. ఆరు తరాలు. ప్రతి తరం ఏదో ఒక బరువు మోసింది. ఆ బరువు లేకుండా ఈ ప్రాంతంలో ఎవరింట్లోనూ కూరకు రుచి లేదు, గోడకు సున్నం లేదు, పొలానికి నీళ్లు లేవు. ఇది దాచుకోవాల్సిన వంశమా?

పేర్లు జారిపోయిన చోట

గర్వం ఒక్కటే అయితే ఇంతసేపు మాట్లాడం. దీనివల్ల అవసరం కూడా ఉంది.

మా తాత పోయాక ఆ రెండెకరాలు నాన్న, బాబాయిల పేరు మీదికి మార్చడానికి రెండేళ్లు పట్టింది. రికార్డులో తాత పేరు ఒకటి, తాండాలో పిలిచే పేరు ఇంకొకటి. గోత్రం పేరు ఒకచోట ఉంది, ఇంకోచోట ఉత్త ‘నాయక్’ అని ఉంది. ఇద్దరూ ఒకే మనిషని రుజువేమిటని అడిగారు. చివరికి రెండు విషయాలు పనికొచ్చాయి. ఒకటి, బాబాయి చదివిన బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు. రెండోది, దాదీ గుక్క తిప్పుకోకుండా చెప్పిన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల, వియ్యంకుల వరుస. ఆమె చెబుతుంటే రాసుకున్నాం. ఆమె వేలిముద్ర వేసింది. మరుసటి వేసవికి ఆమె లేదు.

అడవి అంచున సాగు చేసుకునే కుటుంబాల వాళ్లు ఇంకో మాట వినండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వది సాక్ష్యాల గురించి చెబుతుంది. పాత రికార్డుల్లో ఉన్న పూర్వీకుల దాకా వెళ్లే వంశవృక్షం ఒక సాక్ష్యం. హక్కు కోరేవాళ్లు కాకుండా, ఇతర పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం ఇంకో సాక్ష్యం. అంటే అవ్వ చెప్పే మాటకు చట్టంలో చోటుంది. కానీ అవ్వ బతికుండగా కాగితం మీద పెట్టాలి.

వెనుక మన వంశాలను పాడే ఢాడీలు, భాట్లు తాండాలకు వచ్చేవాళ్లు. ఎవరి గోత్రం ఏది, ఎవరు అన్నదమ్ములు, ఎవరికి ఎవరిని ఇవ్వవచ్చు అన్నీ వాళ్ల నోట ఉండేవి. ఇప్పుడు వాళ్ల రాక అరుదైపోయింది. వాళ్లు పాడినవి కూడా ఎక్కువ మగవాళ్ల పేర్లే. రమావత్, మూడావత్, బాణావత్ అని గోత్రం తండ్రి వైపు నుంచి దిగుతుంది. పెళ్లయి వచ్చిన అమ్మాయి గోత్రం, ఊరు, ఆమె తల్లి పేరు ఒక్క తరంలో మాయమైపోతాయి. ఆనకట్ట మీద రాయి మోసిన చేతుల్లో సగం ఆడవాళ్లవి. వంశవృక్షంలో మాత్రం వాళ్లు లేరు. దాన్ని మీ తరం సరిచేయాలి.

ఏం చేయాలి?

ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట నేర్పింది, తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లమని. మీరూ అలాగే వెళ్లండి. రాజస్థాన్ నుంచి కిందికి రావద్దు, మీ గడప నుంచి పైకి వెళ్లండి.

ఒక నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో మీ పేరు, అమ్మ పేరు, నాన్న పేరు, ఇద్దరి గోత్రాలు లేదా ఇంటిపేర్లు రాయండి. తర్వాత నానమ్మ దగ్గర కూర్చోండి. ‘మన చరిత్ర చెప్పు’ అంటే ఆమె నవ్వి ఊరుకుంటుంది. పని గురించి అడగండి. మొదటిసారి కూలికి ఏ ఊరు వెళ్లావు? ముఠా మేస్త్రీ ఎవరు? కూలి డబ్బులిచ్చారా, గింజలిచ్చారా? ఎక్కడ పడుకునేవాళ్లు? నీతో పాటు ఎవరెవరు వచ్చారు? పని అడిగితే ఊరు వస్తుంది, ఊరు వస్తే మనుషులు వస్తారు, మనుషులొస్తే పేర్లు వస్తాయి. సంవత్సరం తెలియకపోతే, కాలువకు నీళ్లు రాకముందా, వచ్చాకనా అని అడగండి. అదే మన పల్నాడు క్యాలెండరు.

ఫోన్లో రికార్డు చేయండి. వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి. తెలుగులోకి మార్చి చెప్పమంటే సగం విషయం మింగేస్తారు. తర్వాత కాగితాల దగ్గరికి వెళ్లండి: బడి అడ్మిషన్ రిజిస్టరు, అడంగల్, పాత రేషన్ కార్డు, పాత ఓటర్ల జాబితా, ఉపాధి హామీ జాబ్ కార్డు. పేరు ఎక్కడ ఎలా రాశారో అన్నీ ఒకచోట వేసుకోండి. రేపు కుల ధ్రువపత్రం కోసం వెళ్లినప్పుడు ఆ పేజీయే మీ వకీలు.

దీపావళికి మన తాండాల్లో నిప్పుల మీద నెయ్యీ తీపీ వేసి, పోయిన పెద్దల్ని పేరుపేరునా తలుచుకుంటారు. ఈసారి పిల్లలు పక్కన నిలబడి ఆ పేర్లు రాసుకోండి. అవ్వల పేర్లు ఎవరూ తలవకపోతే మీరే అడగండి.

ఇక వచ్చే జూన్‌లో హాస్టల్ దరఖాస్తు నింపేటప్పుడు, ‘తండ్రి వృత్తి’ గడిలో ఉన్నదే రాయండి. మామూలు అక్షరాలతో, కనిపించేలా రాయండి. మిరప కూలీ అయితే మిరప కూలీ అని, నాపరాయి కార్మికుడైతే అదే రాయండి. నూరేళ్ల తర్వాత మీ మునిమనవరాలు ఆ రిజిస్టరు తెరిస్తే, తన వాళ్లు ఎవరో ఆమెకు తెలియాలి.