రాజు బల్ల, తరగతి బల్ల

మీరు ఇంట్లో పని చేసుకుంటూ వింటున్నా, ప్రయాణంలో వింటున్నా, ఆసుపత్రి మంచం మీద ఉండి వింటున్నా, ఈ కొద్ది నిమిషాలు దేవుడు మీతో మాట్లాడును గాక.

నేటి ధ్యానమునకు 2 సమూయేలు గ్రంథము 9వ అధ్యాయమును తీసుకుందాం. బైబిలు దగ్గరున్నవారు తెరచి పెట్టుకోండి. ఇందులో మెఫీబోషెతు అనే వ్యక్తి కనబడతాడు. ఇతడు యోనాతాను కుమారుడు, సౌలు రాజు మనుమడు. ఇతనికి ఏమి జరిగిందో అదే గ్రంథము 4వ అధ్యాయము 4వ వచనములో ఉంది. యుద్ధములో సౌలు, యోనాతాను చనిపోయారన్న వార్త రాగానే దాది ఈ పిల్లవాణ్ణి ఎత్తుకొని పరుగెత్తింది. తొందరలో వాడు పడిపోయాడు. రెండు కాళ్ళూ చెడిపోయాయి. అప్పుడు వాడి వయసు ఎంతో గమనించారా? ఐదేళ్ళు! మన ఇళ్ళలో పిల్లలు పలకా బలపం పట్టే వయసు.

ఆ వయసు పిల్లవాడు ఒకడు నా జీవితంలోకి వచ్చిన సంగతి ఈరోజు మీతో చెప్పాలి. ఇది నాకు గౌరవం తెచ్చే సాక్ష్యము కాదు. అయినా చెప్పక తప్పదు.

కొన్ని సంవత్సరాల క్రితం నేను ఒక చిన్న పట్టణంలో సేవ చేస్తున్నాను. చర్చి ఆవరణలోనే మా సంఘపు పాఠశాల ఉండేది. దానికి నేనే కరస్పాండెంటుని. జూన్ నెలలో ఒక తల్లి తన ఆరేళ్ళ బాబును తీసుకొని ఆఫీసుకు వచ్చింది. ఆ బాబుకు డౌన్ సిండ్రోమ్. మాట స్పష్టంగా రాదు. కుర్చీలో రెండు నిమిషాలు నిలకడగా కూర్చోడు. ఒకటో తరగతిలో చేర్చుకోమని ఆమె అడిగింది. నేను మెత్తగానే మాట్లాడాను. “అమ్మా, ఇలాంటి పిల్లలకు మా దగ్గర సౌకర్యాలు లేవు. ప్రత్యేక పాఠశాల ఎక్కడైనా చూడండి. నేను ప్రార్థన చేస్తాను” అన్నాను. బాబు తలమీద చేయి వేసి ప్రార్థన చేసి పంపించేశాను.

తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ తల్లి నా దగ్గరకు వచ్చింది. కోపం లేదు, కన్నీళ్ళూ లేవు. “అయ్యగారూ, ఆ రోజు మా వాడికోసం ప్రార్థన చేశారు కదా, దేవుణ్ణి ఏమని అడిగారు?” అంది. నాకు జవాబు రాలేదు. ఎందుకంటే వాడికి ఎక్కడైనా ఒక తలుపు తెరువుమని నేను అడిగాను. నా చేతిలో ఉన్న తలుపు మూసేసి, ఇంకెక్కడో తలుపు తెరువుమని దేవునికి చెప్పాను! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆమె నాకు స్టూలు వేసి, కాసేపు ఊరుకొని, “ఫీజు ఎంత కట్టాలి అయ్యగారూ?” అని మాత్రం అడిగింది.

ప్రియులారా, ఇప్పుడు మళ్ళీ వాక్యములోకి వెళ్దాం. మెఫీబోషెతు పెద్దవాడై లోదెబారులో ఒకరి యింట్లో ఉంటున్నాడు. దావీదు అతని తాత భూములన్నీ తిరిగి ఇచ్చాడు. పొలం చూసుకోవడానికి సీబాను నియమించాడు. దయ చూపడానికి అంతవరకు చాలదా? “నీ పొలం పంట నీకు వస్తుంది, అక్కడే ఉండి సుఖంగా తిను” అని చెప్పి ఉండవచ్చు. దావీదు అలా చేయలేదు. తన బల్లయొద్ద చోటిచ్చాడు. ఈ ఒక్క అధ్యాయములోనే ఆ బల్ల మాట నాలుగుసార్లు వస్తుంది. పండుగకు ఒకసారి పిలిచి పంపడం కాదు, ప్రతిదినము. పనివారి వరుసలో కాదు, రాజకుమారులలో ఒకనివలె. ఇంకొక మాట గమనించండి. అధ్యాయము చివరి వచనములో అతని రెండు కాళ్ళ సంగతి మళ్ళీ చెప్పబడింది. అంటే రాజు బల్లయొద్ద కూర్చున్నా అతని కాళ్ళు బాగుపడలేదు. బాగుపడిన తరువాత రమ్మని రాజు చెప్పలేదు. ఉన్నవాణ్ణి ఉన్నట్టే రమ్మన్నాడు.

మన పాఠశాలల సంగతి ఆలోచించండి. “కొంచెం మాటలు వచ్చాక తీసుకురండి, కుదురుగా కూర్చోవడం నేర్చుకున్నాక తీసుకురండి” అంటాం. కుదురు, మాట, స్నేహం నేర్చుకునే చోటు తరగతి గదే కదా! అది రాక ముందే రానివ్వకపోతే ఎక్కడ నేర్చుకుంటాడు?

మా ఒకటో తరగతి టీచరు గారు నాకంటే ముందే ఈ సంగతి గ్రహించింది. “నా తరగతిలో కూర్చోబెట్టండి అయ్యగారూ” అంది. ఆమె చేసిన పనులు చెబుతాను, ఉపాధ్యాయులు జాగ్రత్తగా వినండి. మొదట కళ్ళు, చెవులు పరీక్ష చేయించమని తల్లికి చెప్పింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చూపు, వినికిడి ఇబ్బందులు ఎక్కువ. వినబడక పలకని పిల్లవాణ్ణి మొండివాడు అనుకుంటాం. తరువాత వాణ్ణి వెనక మూలన కాక ముందు వరుసలో, తలుపుకు దూరంగా, నెమ్మదస్తురాలైన ఒక పాప పక్కన కూర్చోబెట్టింది. ఈ పిల్లలు చెవితో విన్నదానికంటే కంటితో చూసింది బాగా పట్టుకుంటారు. అందుకని పాత క్యాలెండర్లలోని బొమ్మలు కత్తిరించి అట్టమీద వరుసగా అంటించింది: ప్రార్థన, పలక, మంచినీళ్ళు, భోజనం, ఆట, ఇల్లు. ఇప్పుడు ఏమిటి, తరువాత ఏమిటి అన్నది వాడే వేలు పెట్టి చూసుకునేవాడు. ఒకేసారి మూడు పనులు చెప్పేది కాదు. ఒకటి చెప్పి, చేతితో చూపించి, ఆగేది. మిగతావాళ్ళు అయిదు అంకె రాస్తుంటే వాడు అయిదు చింతగింజలు లెక్కపెట్టేవాడు. అదే పాఠం, అదే గది, దారి మాత్రం వేరు. వేళ్ళలో పట్టు తక్కువ గనుక పళ్ళెంలో ఇసుక పోసి అక్షరాలు దిద్దించింది. రెండు రోజుల్లో తరగతి అంతా ఇసుక పళ్ళెం కావాలని గొడవ!

ఇవన్నీ సులువుగా జరిగాయని చెప్పను. గంట మోగితే చెవులు మూసుకొని ఏడ్చేవాడు. పక్కవాళ్ళ పలకలు లాగేవాడు. కొన్ని రోజులు టీచరు గారు అలసిపోయి కన్నీళ్ళు పెట్టుకుంది. చివరకు కమిటీ ఒప్పుకొని పూటకొక ఆయాను పెట్టాము. ఖర్చు అయింది. మా సంఘ పెద్ద ఒకాయన వచ్చి, “మా పాప చదువు వెనకబడిపోతుంది అయ్యగారూ” అన్నారు. బాబు పక్కన కూర్చునేది ఆయన కూతురే. కొన్ని నెలల తరువాత ఆయనే చెప్పారు, వాడికి చదివి వినిపించాలని ఆ పాప రాత్రిళ్ళు పాఠం రెండుసార్లు చదువుకొని వెళ్తోందని.

అద్భుతం జరిగిందా అని మీరు అడగవచ్చు. సంవత్సరం చివరికి వాడు తన పేరులో మొదటి అక్షరం రాశాడు. బాత్రూముకు వెళ్ళాలని తానే అడగడం నేర్చుకున్నాడు. హాజరుపట్టీ హెడ్మిస్ట్రెస్ గదికి తీసుకెళ్ళే పని వాడిది. ఒకసారి జ్వరమొచ్చి నాలుగు రోజులు రాలేదు. ఆ నాలుగు రోజులూ హాజరు పిలవగానే పిల్లలు, “టీచర్, వాడు రాలేదు, పట్టీ ఎవరు తీసుకెళ్తారు?” అని అడిగారట. 1 కొరింథీయులకు 12వ అధ్యాయములో, బలహీనమైనవిగా కనబడే అవయవములే శరీరమునకు మరి అవసరమని పౌలు బోధిస్తున్నాడు. సెమినరీలో దానిమీద నేను వ్యాసం రాశాను. దాని అర్థం నాకు ఒకటో తరగతి పిల్లలు చెప్పారు.

తల్లిదండ్రులారా, మీతో ఒక మాట. “ఎవరి పాపమో” అని చుట్టాలు అంటారు. గ్రహణం రోజున ఏం చేశావని అడుగుతారు. యోహాను సువార్త 9వ అధ్యాయములో శిష్యులు కూడా ఇదే ప్రశ్న వేశారు. వాడూ కాదు, వాని కన్నవారూ కాదని ప్రభువు స్పష్టంగా చెప్పాడు. డౌన్ సిండ్రోమ్ 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండటం వలన వస్తుంది. మీరు చేసిన తప్పు వలన కాదు. బిడ్డను దాచవద్దు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 రకాల వైకల్యములను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యమున్నట్టు ధ్రువీకరణ పొందిన 6 నుండి 18 ఏళ్ళ పిల్లలకు, ఇంటి దగ్గరి పాఠశాలలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. కొందరు పిల్లలకు ప్రత్యేక పాఠశాలే మేలు కావచ్చు. అయితే అది కుటుంబము ఆలోచించి ఎంచుకోవలసినది, గుమ్మంలోనుండి వెళ్ళగొట్టబడి వెదుక్కోవలసినది కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, అడిగి తెలుసుకోండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుండి బుద్ధిమాంద్యమున్న వారికోసం జాతీయ సంస్థ పనిచేస్తోంది.

సంఘములారా, మీకూ ఒక మాట. ఆరాధనలో బిడ్డ శబ్దం చేస్తే తల్లి లేచి బయట చెట్టు కింద నిలబడుతుంది. ఎన్ని ఆదివారాలుగా ఆమె వాక్యము వినలేదో ఎవరైనా లెక్కపెట్టారా? వచ్చే ఆదివారం మీరు వెళ్ళి ఆ బిడ్డను ఎత్తుకోండి. సండేస్కూలులో వాడికి చాప మీద చోటివ్వండి, క్రిస్మస్ నాటికలో ఒక పని ఇవ్వండి. మనమందరము ప్రభువు బల్లయొద్దకు ఏ యోగ్యతతో వెళ్తున్నాము? అక్కడ మనమందరము మెఫీబోషెతులమే. మనకు చోటు దొరికింది గనుక, చిన్నవానికి చోటివ్వడం మనము చేసే దానధర్మము కాదు.

ప్రార్థన చేసుకుందాం.

కృపగల తండ్రీ, మేము మూసిన తలుపులకొరకు మమ్మును క్షమించుము. ప్రార్థన పేరుతో మేము తప్పించుకొన్న పనులను మాకు జ్ఞాపకము చేయుము. అలసిపోయిన తల్లులకు బలమును, ఉపాధ్యాయులకు ఓర్పును దయచేయుము. ఈ మాటలు వినుచున్న ప్రతివాడు ఈ వారములో ఒక బిడ్డకు చోటిచ్చునట్లు సహాయము చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.