వదులైన పట్టీ బొత్తాము

(సేత్తూరులో జరిగిన మన సంఘపు వార సమావేశమున ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



మన యువకుల వాద్యబృందమునకు మనమందఱము చందాలు వేసికొని కొనియిచ్చిన బాస్ గిటారు పట్టీ బొత్తాము గత వారము అభ్యాసము జరుగుచుండగా ఊడివచ్చినది. ప్రక్కనున్న కుఱ్ఱవాడు చేయి అడ్డుపెట్టుటచే వాద్యము నేలపాలు కాలేదు. దానిని అమ్మివేసి క్రొత్తది కొనవలెనని కొందఱనిరి. లావుపాటి మరమేకు బిగించిన చాలునని మఱికొందఱనిరి. ఈ రెండును సరికావని విన్నవించుటకే నేడు మీ యెదుట నిలిచితిని. ఇనుప సామానుల వర్తకము నా వృత్తి యగుటచే మరమేకును గూర్చి నాలుగు మాటలు చెప్పు చనువు నాకు గలదు.

మన వీణ బొబ్బిలిదైనను, తంజావూరిదైనను పనసచెక్కతో తయారై, వాయించువారి ఒడిలో ఒదిగి యుండును. దానికి భుజపు పట్టీతో పనిలేదు. పాశ్చాత్యులును తమ పెద్ద బాస్ వాద్యమును పూర్వము నేలపై నిలువుగా ఆనించియే వాయించెడివారు. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియా యందు లియో ఫెండర్ అనునాతడు ప్రెసిషన్ బాస్ అను విద్యుద్వాద్యమును విక్రయమునకు తెచ్చిన పిదప ఆ మంద్రస్వరము భుజమునకెక్కి లోకమంతట వ్యాపించినది. మనకు సమీపముననే, పడమటి కొండల పాదమున నున్న పణ్ణైపురములో 1943లో జన్మించిన ఇళయరాజాగారి తెలుగు, తమిళ చిత్రగీతములలో ఈ స్వరమున కెంతటి ప్రాధాన్యము గలదో మన యువకులు నాకంటె బాగుగా ఎఱుగుదురు.

ఇట్టి వాద్యము బరువు సుమారు నాలుగు కిలోలు. ఈ భారమంతయు రెండు బొత్తాములమీదను, వానిని పట్టియుంచు అంగుళము పొడవు మరమేకులమీదను నిలిచియుండును. వాయించువాడు కదలినపుడెల్ల పట్టీ బొత్తామును ఇటునటు లాగును. మరమేకు కొంచెము కదలును. ఆ కదలికచే బెజ్జములోని చెక్క నార నలిగి పొడియగును. తుదకొకనాడు వాద్యము క్రింద పడి మెడ విఱిగినయెడల, దానిని బాగుచేయుట సామాన్యుల చేతిలోని పని కాదు.

మొదట తీగను ఊడదీసి, మడతపెట్టిన దుప్పటిమీద వాద్యమును పరుండబెట్టి, మరమేకును త్రిప్పి చూడవలెను. బిగిసినచో అది వదులైనది మాత్రమే. ఎంత త్రిప్పినను పట్టుకొనక తిరుగుచుండినచో లోపము మరమేకులో లేదు, బెజ్జములో నున్నది. కావుననే లావుపాటి మరమేకు తగిన వైద్యము కాదు. అది అంచునగల చెక్కను చీల్చవచ్చును. దాని తల బొత్తాము గుంటలో ఇముడకపోవచ్చును.

తాత్కాలికముగా చేయదగిన పనికి మన జిల్లాలోని శివకాశి సరకే చాలును. అగ్గిపుల్లల మందు తలలను తుంచివేసి, పుల్లలను తెల్లని వడ్రంగపు బంకలో ముంచి, బెజ్జము నిండునట్లు దట్టించి, పైకి వచ్చిన భాగమును కోసివేసి, ఒక పగలు ఒక రాత్రి ఆగవలెను. కాని అగ్గిపుల్ల మెత్తని కఱ్ఱ. అది కొంతకాలము మాత్రమే నిలుచును.

చిరకాలము నిలువవలెనన్న చేవగల కఱ్ఱతో చీల చేయవలెను. బెజ్జమును బరమాతో సుమారు ఆరు మిల్లీమీటర్ల వెడల్పునకు శుభ్రపఱచి, దానికి సరిపడు టేకు చీలను బంకతో దిగగొట్టి, మఱునాటివఱకు కదల్పరాదు. బరమా అవసరమునకు మించి లోతునకు పోకుండుటకై దాని మొననుండి తగినంత దూరమున కాగితపు పట్టీ చుట్టి గుర్తుంచుకొనవలెను. బంక ఆఱిన పిదప చీలను ఉలితో సమముగా చెక్కి, దాని నడుమ మరమేకు కాండముకంటె సన్నని దారి తొలిచి, మరమేకునకు కొంచెము కొవ్వొత్తి మైనము రాచి, చేతితోనే బిగింపవలెను. బొత్తామునకును చెక్కకును నడుమ ఉన్నిబిళ్ల యుంచుట మంచిది. బొత్తాము కదలక కూర్చుండగానే ఆపవలెను. ఇంకను బలము చూపినచో క్రొత్త బెజ్జమును కూడ చెడును. పిదప పట్టీ తగిలించి, క్రింద పఱుపు వేసి, బరువును పరీక్షింపవలెను.

క్షణములో అంటుకొను జిగురును మరమేకునకు పూయరాదు. మఱల విప్పవలసివచ్చినపుడు చెక్కయే ఊడివచ్చును. కొన్ని గిటారులకు విద్యుత్తీగను దూర్చు రంధ్రము బొత్తాములోనే యుండును. వానిని నిపుణునకే అప్పగింపవలెను.

తల్లులారా! ఈ పద్ధతి గిటారునకు మాత్రమే కాదు. మీ యింటి తలుపు బందు మరమేకు వదులైనను ఇదే మార్గము.

ఇక నొక మనవి. మన కుటుంబములు తరతరములుగా ఈ నేలమీద బ్రతుకుచున్నవి. ఇంట తెలుగు, వీధిలో తమిళము మనకు అలవాటు. అందు కొఱత యేమియు లేదు. ఉలి, సుత్తి అను మాటలు రెండు భాషలకును దాదాపు ఉమ్మడియే. కాని మేకు, మరమేకు అనినచో మన పిల్లలకు తెలియుట లేదు. ఆణి, తిరుగాణి యనిన తెలియును. చీల, బరమా, చేవ యను మాటలు వారు వినియే యెఱుగరు. పాఠము చెప్పి ఈ మాటలను నిలుపలేము. పెద్దలు పని చేయుచు, పిల్లలచేత చేయించుచు పలికిననే అవి నిలుచును.

కావున రాబోవు ఆదివారమున వడ్రంగము తెలిసిన పెద్దలు తమ పనిముట్లతో దయచేయవలెనని కోరుచున్నాను. పని యువకులే చేయుదురుగాక. పెద్దలు ప్రక్కన నుండి ప్రతి పనిముట్టును తెలుగున పేరుపెట్టి అడుగుదురుగాక. బంకయు, చీలకు తగిన టేకుముక్కయు నా అంగడినుండి తెచ్చెదను.