తుప్పు చిల్లుకి పుట్టీ పూస్తే రిపేర్ అయినట్టేనా?

నా చేతిలో ఉన్న ఈ ముక్క చూడండి. అప్పడంలా విరిగిపోతోంది. ఇది మా నాన్న మారుతి 800 రన్నింగ్ బోర్డ్‌లోంచి వచ్చింది. డోర్ల కింద పొడవుగా ఉంటుందే, అది.

మాది వైజాగ్. సముద్రం పక్కనే, ఉప్పుగాలికి రేకు తొందరగా తుప్పు పడుతుంది. పోయినేడు పెయింట్ వేయించాం. కొత్త కారులా మెరిసింది, నాన్న వీధంతా చూపించుకున్నారు. ఎనిమిది నెలలకి అదే చోట పొక్కులు. మొన్న పంక్చర్ అయితే జాకీ పెట్టాను. కారు లేవలేదు, జాకీయే లోపలికి దిగబడింది! గీకి చూస్తే ఏముంది, చిల్లులో న్యూస్‌పేపర్ కుక్కి, పైన పుట్టీ పూసి, రంగు కొట్టేశారు. ఆ షెడ్‌ని పూర్తిగా తిట్టలేను కూడా. తక్కువలో అయిపోవాలి అని బేరమాడింది మేమే.

అసలు పొక్కు ఎందుకొస్తుంది? ఇనుముకి నీళ్లు, ఆక్సిజన్ తగిలితే తుప్పు. ఆ తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పెయింట్‌ని పైకి లేపుతుంది. చాలాసార్లు లోపలి వైపు నుంచి తింటూ వస్తుంది కాబట్టి, బయట రూపాయి బిళ్లంత కనిపిస్తే లోపల అరచెయ్యంత పోయి ఉండొచ్చు. పైగా బాడీ పుట్టీ తేమ పీలుస్తుంది. దాని వెనక తుప్పు హాయిగా పని చేసుకుంటుంది.

మరి ఏం చేయాలి? స్క్రూడ్రైవర్‌తో పొడుచుకుంటూ వెళ్లండి, గట్టి రేకు తగిలేదాకా. మెత్తగా ఉన్నదంతా గ్రైండర్‌తో కోసేయాలి. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా గ్రైండర్ ముట్టుకోవద్దు. చిల్లు పెద్దదైపోతుంది, గుండె గుభేల్‌మంటుంది. అవ్వనివ్వండి. పాడైన రేకు అంచుకి ఏ వెల్డింగూ నిలవదు.

తర్వాత అట్టముక్కతో కొలత తీసి, అదే మందం రేకుతో అతుకు కట్ చేయాలి. బాడీ రేకు చాలా పల్చన, ఒక మిల్లీమీటర్ లోపే. గేట్లు అతికే రాడ్ వెల్డింగ్ పెడితే కాలిపోయి ఇంకో చిల్లు పడుతుంది. షెడ్లలో సీఓటూ వెల్డింగ్ అంటారే, అది కావాలి. అదీ ఒకే గీతలా లాగకూడదు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, మధ్యలో చల్లారనివ్వాలి. లేదంటే వేడికి రేకు వంకర్లు పోతుంది. ముందే బ్యాటరీ వైర్లు తీసేయాలి, కార్పెట్ పీకేయాలి, పెట్రోల్ పైపు ఎక్కడుందో చూసుకోవాలి. నేను కోత వరకే చేశాను, వెల్డింగ్ టింకరింగ్ మేస్త్రీ చేశారు. వీడియో చూసి నేర్చుకునే పని కాదది, నా వీడియో అయినా సరే.

వెల్డింగ్ అయ్యాక గ్రైండ్ చేసి, థిన్నర్‌తో తుడిచి, ఆలస్యం చేయకుండా ఎపాక్సీ ప్రైమర్. జాయింట్లకి సీలర్. పుట్టీ ఆఖర్న, ఎత్తుపల్లాలు సరిచేయడానికి పల్చగా, అంతే. ఆ తర్వాతే రంగు. లోపలి వైపు వ్యాక్స్ కొట్టించండి, నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూయొద్దు.

రస్ట్ కన్వర్టర్ రాస్తే సరిపోదా అంటారేమో. పైపై తుప్పుకైతే ఓకే, పోయిన రేకుని అది తీసుకురాలేదు. ఫెండర్ అంచులో చిన్న చిల్లుకి ఫైబర్‌తో సర్దుకోవచ్చు. కానీ రన్నింగ్ బోర్డ్, సీట్ బెల్ట్ బోల్టులు, సస్పెన్షన్ బిగించే చోట్లు, ఇక్కడ మాత్రం రేకే, వెల్డింగే. యాక్సిడెంట్ అయితే బరువు మోసేవి అవి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి డోర్ల కింద, చక్రాల చుట్టూ పెట్టి చూడండి. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది, పుట్టీ దట్టంగా ఉన్నచోట జారిపోతుంది. బంపర్ మీద పెట్టి కంగారుపడకండి, అది ప్లాస్టిక్. మా నాన్న ఇప్పుడు ఫ్రిజ్ మీది అయస్కాంతం జేబులో వేసుకుని అపార్ట్‌మెంట్‌లో అందరి కార్లూ చెక్ చేస్తున్నారు. ప్రైమర్ కొట్టే ఎపిసోడ్ వచ్చే వారం. ఉంటా మరి, బై.