సాధనకు తోడుగా విద్యుత్తు

ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరిట జరుగుతోందో ఆయన పక్షవాతం వచ్చిన చేతులకు మళ్ళీ పని నేర్పుతూనే జీవితం గడిపారు. ఇప్పుడు ఎదురుగా ఉంటే ఒకటే అడిగేవారు: తలకు కరెంటు పెడితే చేయి తిరుగుతుందా? తిరగదండి. సాధన చేస్తున్న చేతికి వేళకు అందితే కాస్త ఆసరా అవుతుంది, అంతే. ఆ వేళ ఏదన్నదే ఇవాళ్టి విషయం.

ముందు కరెంటు ఊసు లేని సాధన సంగతి. 1995లో ఆల్వరో పాస్కువల్-లియోనే బృందం అమెరికాలో చేసిన ప్రయోగం ఒకటి వెలువడింది. సంగీతం రానివాళ్ళకు కీబోర్డు మీద ఐదు వేళ్ళతో వాయించే చిన్న వరస ఇచ్చారు. రోజుకు 2 గంటలు, 5 రోజులు. కొందరు వాయించారు. కొందరు కీబోర్డు ముందు కూర్చుని, వేళ్ళు కదపకుండా, వాయిస్తున్నట్టు ఊహించుకున్నారు. టీఎంఎస్ అనే అయస్కాంత పద్ధతిలో రోజూ పరీక్షిస్తే, మెదడులో వేళ్ళను ఆడించే ప్రాంతం రెండు జట్లలోనూ విస్తరించింది. వాయింపులో మాత్రం ఊహించినవాళ్ళు ఐదో రోజుకు, వాయించినవాళ్ళ మూడో రోజు స్థాయికే వచ్చారు. ఆపైన ఒక్క 2 గంటలు నిజంగా వాయించగానే వాళ్ళను అందుకున్నారు. కచేరీకి వెళ్తూ రైల్లో కళ్ళు మూసుకుని జతులు నడుపుకునే మృదంగ విద్వాంసుడికి ఇందులో వింతేమీ కనబడదు. ఇక్కడ యంత్రం కొలిచింది, అంతే. నేర్పింది సాధన.

నేర్పడానికే విద్యుత్తును వాడుకునే దారి 2000లో తెరుచుకుంది. జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షే, పౌలస్ 1 మిల్లీ ఆంపియర్ కరెంటును తల మీదుగా పంపి, చేతిని కదిలించే ప్రాంతపు చురుకుదనం మారుతుందని చూపారు. సామగ్రి చూస్తే నవ్వొస్తుంది: ఉప్పునీళ్ళలో తడిపిన రెండు స్పాంజీలు, ఒక బ్యాటరీ పెట్టె. నెత్తి మీద కాస్త చిమచిమ. 2009లో రైస్ బృందం, రెండు వేళ్ళ మధ్య నొక్కే బలంతో తెర మీది గుర్తును గమ్యాలకు చేర్చే పని ఇచ్చి, రోజూ అది చేస్తుండగానే 20 నిమిషాలు కరెంటు ఇచ్చింది. ఉత్తుత్తి కరెంటు అందినవాళ్ళ కంటే వీళ్ళు బాగా నేర్చుకున్నారు. ఆ అదనపు మెరుగు పని చేస్తున్నప్పుడు రాలేదు. ఒక రోజుకూ మరో రోజుకూ మధ్య, పని ఆపేసిన గంటల్లో వచ్చింది.

ఇది చూసి హెడ్‌ఫోన్లలో కరెంటు పెట్టి క్రీడాకారులకు అమ్మిన కంపెనీలూ పుట్టాయి. తొందరపాటే అంటాను. తలకు పెట్టిన కరెంటులో ముప్పాతిక వంతు చర్మం, పుర్రె దగ్గరే ఆగిపోతుందని 2018లో శవాల మీద కొలిచినవాళ్ళు చెప్పారు. అదే ఏడు 199 మంది పక్షవాత రోగులతో అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితం వచ్చింది. ఇందాక కొలతకు వాడిన టీఎంఎస్‌నే ఇక్కడ చికిత్సగా ఇచ్చారు: ముందు అది, ఆ వెంటనే వ్యాయామం. అసలు చికిత్స అందినవారిలో 67 శాతం మంది, ఉత్తుత్తిది అందినవారిలో 65 శాతం మంది మెరుగయ్యారు. యంత్రం వాటా ఎంతో అక్కడే తేలిపోయింది.

2021లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం వేరు. 108 మందికి మెడలోని వేగస్ నాడికి తీగ అమర్చారు. రోగి గ్లాసు వైపు చేయి చాస్తాడు, సరిగ్గా అప్పుడు థెరపిస్టు బటన్ నొక్కుతాడు, నాడికి అర సెకను విద్యుత్ ప్రేరణ. ఒక్కో సెషన్‌లో ఇలా 300కు పైగా సార్లు. 90 రోజులకు ప్రేరణ అందినవారిలో 47 శాతం మందికి, అందనివారిలో 24 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. ఇది ఆపరేషన్‌తో కూడిన పని, ఎవరికి పడితే వారికి చెప్పేది కాదు. కానీ కరెంటు కదలికతో జత కట్టిన తీరు చూడండి. ముందూ కాదు, వెనకా కాదు.

మరి చేయి అసలే లేవని రోగి ఊహలోనే సాధన చేస్తుంటే? థెరపిస్టుకు కనబడే కదలికే లేదు, బటన్ ఎప్పుడు నొక్కాలి? చేయి కదిపినా, కదిపినట్టు ఊహించినా, మెదడులో చేతిని ఆడించే ప్రాంతం మీద ఈఈజీలో, అంటే మెదడు విద్యుత్ తరంగాల నమోదులో, కనిపించే మ్యూ అనే లయ తగ్గుతుంది. ఆ తగ్గుదలను కంప్యూటర్ పట్టుకుని, ఆ క్షణానికే ప్రేరణ ఇచ్చే ఏర్పాట్లు ఇప్పుడు ప్రయోగశాలల్లో నడుస్తున్నాయి. స్పాంజీల పెట్టె కంటే నాకు వీటి మీదే ఎక్కువ ఆశ.