సగం కూలి



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటయిందో ఆ పేరు నా వెనక బ్యానరు మీద ఉంది, రేపు అచ్చయ్యే పుస్తకం అట్ట మీదా ఉంటుంది. నాకు మాత్రం ఆయన మాస్టారు. ఆయన పాండిత్యం గురించి నాకన్నా అర్హులైనవాళ్ళు ఇప్పటికే మాట్లాడారు. నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది, అదీ ఈ సభకు తగునో తగదో తెలియదు. నా పదిహేనో ఏట మాస్టారు తన సిద్ధాంత వ్యాసానికి శుద్ధప్రతి రాయించుకున్నారు. సగం నేను రాశాను, సగం డిగ్రీ చదివే ఒకాయన రాశాడు. ఆయనకు పేజీకి ముప్ఫై పైసలు, నాకు పదిహేను. నా దస్తూరీయే బాగుందని మాస్టారే నలుగురిలో అన్నారు కూడా. మరి తేడా ఎందుకండీ అంటే, "నీకింకా పదిహేనేళ్ళేగదరా" అన్నారు. ఏడాదికో పైసా కాబోలు అని సర్దిచెప్పుకున్నాను. ఆ లెక్కన డిగ్రీ కుర్రాడికి ముప్ఫై ఏళ్ళుండాలి. లేవు.

మాస్టారి మీద నా గౌరవం ఆ పైసలతో పెరిగేదీ తరిగేదీ కాదు. కాని నలభై ఏళ్ళుగా నేను చేస్తున్న వాదానికి మొదలు ఆ జవాబే. నిర్వాహకులు "బాలల హక్కులు" అని విషయం ఇచ్చారు. నేను అందులో ఒక మూల పట్టుకుంటాను.

రాజ్యాంగం 24వ అధికరణం, 1986 బాలకార్మిక చట్టం, 1989 ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక, అందులో మనం 1992లో చేరటం, 2002లో 86వ సవరణ, 2009 విద్యాహక్కు చట్టం: ఇవన్నీ మీకు తెలుసు, పోటీ పరీక్షల గైడ్లలో వరసగా ఉంటాయి. ఒక్కచోట మాత్రం ఆగుతాను. వివక్ష కూడదన్న 15వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు ఉన్నాయి, వయసు లేదు. అది పొరపాటని నేననను. పసివాణ్ణి పెద్దవాడితో సమానంగా చూడమంటే ఆ పసివాడికే నష్టం. అందుకే పిల్లల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని అదే అధికరణం మూడో ఖండంలో ఉంది. బ్రిటన్ వాళ్ళు 2010 సమానత్వ చట్టంలో వయసును చేర్చారు, చేరుస్తూనే సేవల విషయంలో 18 నిండనివాళ్ళను ఆ రక్షణకు బయట ఉంచారు. వయసు వివక్ష అంటే ముసలివాళ్ళ గొడవ అని అక్కడా స్థిరపడిపోయింది. నా తగాదా వేరు. వయసు చూసి ఎక్కువ కాపాడటం ఒకటి, అదే వయసు చూసి తక్కువ ఇవ్వటం ఒకటి. మన చట్టాలు మొదటిది చేస్తున్నామని చెబుతూ రెండోది చేశాయి.

1948 కనీస వేతనాల చట్టం మూడో సెక్షను తీయండి. వయోజనులకు, కౌమారులకు, బాలలకు, అప్రెంటిసులకు వేరువేరు కనీస రేట్లు నిర్ణయించవచ్చునని అందులో స్పష్టంగా ఉండేది. వేరు అంటే ఎక్కువ అని ఎవరూ చదువుకోలేదు. సరే, 1948 నాటి మాట అనుకుందాం. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. దాని 23వ సెక్షను ఎంతమంది చదివారో నాకు అనుమానమే. ఆ సెక్షను కనీస వేతనాల చట్టాన్ని సవరించి, 14 నిండనివాడు బాలుడు, 14 నుంచి 18 దాకా కౌమారుడు అని నిర్వచనాలు పెట్టింది. అంటే ఒక చేత్తో కొన్ని పనుల నుంచి పిల్లల్ని తప్పించిన చట్టమే, మిగిలిన పనుల్లో వాళ్ళకు తక్కువ రేటు కట్టే కొలబద్దను రెండో చేత్తో సరిచేసి పెట్టింది. ఈ సంగతి ఒక సదస్సులో చెప్పినప్పుడు ఒక పెద్ద న్యాయవాది "అది కేవలం నిర్వచనమే కదండీ" అన్నారు. నిర్వచనాలతోనే కూలి కోస్తారండీ, కొడవలితో కాదు.

ఇక శివకాశి అగ్గిపెట్టెల కార్ఖానాలు. 1990 అక్టోబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మొదటి తీర్పు గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. అందరూ 1996 తీర్పే చెబుతారు, పిల్లకు 20,000 రూపాయల చొప్పున యజమాని దగ్గర వసూలు చేసి నిధి పెట్టమన్నది. మొదటి తీర్పులో కోర్టు రెండు మాటలంది. అగ్గిపెట్టెలు ఏరి సర్దే ప్యాకింగు పనికి పిల్లల లేతచేతులు ఎక్కువ అనువుగా ఉంటాయన్నది ఒకటి. అదే పని చేసే పెద్దవాడి కనీస వేతనంలో కనీసం 60 శాతం పిల్లలకివ్వాలన్నది రెండోది. ఈ రెండు మాటలూ ఒకే తీర్పులో ఉన్నాయి. పనికి ఎక్కువ అనువైన చేతికి నూటికి అరవయ్యా? నా దస్తూరీ బాగుందంటూనే పదిహేను పైసలు ఇచ్చిన మాస్టారు నాకు వెంటనే గుర్తొచ్చారు.

ఆ 60 శాతాన్ని సమర్థించేవాళ్ళు, అంతకుముందు అదీ దక్కేది కాదుగా అంటారు. నిజమే. కాని అదే కోర్టు 1982లో ఆసియాడ్ కూలీల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించటం 23వ అధికరణం కింద వెట్టి అవుతుందని చెప్పింది. ఆ తీర్పును, ఈ తీర్పును పక్కపక్కన పెట్టండి. పెద్దవాడికి ఆ వేతనంలో అరవై శాతమే ఇస్తే వెట్టి, పిల్లకు అదే అరవై ఇస్తే దయ. మధ్యలో ఉన్నది వయసొక్కటే. మూడో సెక్షను అవకాశమిచ్చింది కాబట్టి చట్టరీత్యా వైరుధ్యం లేదని మీరు జవాబు చెప్పవచ్చు. ఆ సెక్షనునే కదా నేను తప్పుపడుతున్నది.

లేతవేళ్ళ కథ కూడా నిలిచేది కాదు. తివాచీ మగ్గాల మీద రిచర్డ్ ఆంకర్, డెబొరా లెవిసన్ తదితరులు అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం 1990లలో చేసిన అధ్యయనం చూడండి. సన్నటి ముడులు పిల్లలే వెయ్యగలరన్నదానికి ఆధారం దొరకలేదు వాళ్ళకు. 1998లో ఆర్థికవేత్తలు కౌశిక్ బసు, వాన్ రాసిన వ్యాసానికి ఒక ఆధార ప్రతిపాదన ఇది: పిల్లలు చేసే పని పెద్దలు చేయగలరు. మరి పిల్లల్నే ఎందుకు పెట్టుకుంటారు? మన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పత్తి విత్తనాల చేలు జవాబు చెబుతాయి. అక్కడ ఆ పనిని క్రాసింగ్ అంటారు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు గిల్లెయ్యాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దాలి. రోజూ, నెలల తరబడి. దానికి ఆడపిల్లల్ని తెచ్చేవారు, సీజను మొదట్లోనే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి. ఎత్తు సరిపోతుందనీ, వేళ్ళు సన్నమనీ, చెప్పిన మాట వింటారనీ కారణాలు. వాటిలో చివరిదొక్కటే నేను నమ్ముతాను. దావులూరి వెంకటేశ్వర్లు 2000ల మొదట్లో చేసిన అధ్యయనాలు అసలు లెక్క బయటపెట్టాయి: విత్తన కంపెనీ రైతుకిచ్చే ధరలో పెద్దల కూలి గిట్టదు. పిల్లకు తక్కువ ఇస్తారన్న నమ్మకం మీదే ఆ ధర కట్టారు.

చిన్నవాడు తక్కువ పని చేస్తాడు, తక్కువ ఇస్తారు, అందులో అన్యాయమేముంది అని రైతు మిత్రులు అడుగుతారు. నిజామాబాదు బీడీలు చూడండి. వెయ్యికి ఇంత అని రేటు. కట్టలో ఏ బీడీ తల్లి చుట్టిందో ఏది కూతురు చుట్టిందో ఎవరూ అడగరు, రేటు తగ్గించరు (పిల్ల పేరు కార్డులో ఉండదు, అది వేరే అన్యాయం). పనికి కొలత ఉన్నచోట వయసు ఎవరికీ గుర్తుకు రాదు. కొలత లేనిచోట, రోజుకూలి దగ్గరే వస్తుంది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ఆక్షేపణ మిత్రుల నుంచి వచ్చింది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ నిలబెట్టిన సూత్రం నాకూ శిరోధార్యమే. అది నమ్మిన మిత్రులు, "పిల్లకు పూర్తి కూలి అడిగితే పిల్ల పనిని ఒప్పుకున్నట్టే, నోరు మూసుకో" అన్నారు. కొందరు మాట్లాడటం మానేశారు. నా జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. పూర్తి కూలి ఇవ్వాల్సివస్తే పిల్లను పిలిచేదెవరు? సమాన వేతనం అంటే పని దొరకదు అని 1976 సమాన వేతన చట్టం నాడు ఆడవాళ్ళను భయపెట్టారు. అక్కడ అది బెదిరింపు. పిల్లల విషయంలో మనకు కావలసింది అదేగా!

పద్నాలుగు దాటినవాళ్ళ దగ్గరకొస్తే మిత్రుల సూత్రం కూడా ఆగిపోతుంది. 2016 సవరణ తరవాత 14 నిండనివాళ్ళ చేత పని చేయించటం నిషేధం, సొంత కుటుంబం పనిలో సాయం, నటన వంటి మినహాయింపులు పోగా. 14 నుంచి 18 దాకా ప్రమాదకరం కాని పని చట్టబద్ధమే. టిఫిన్ సెంటరులో ప్లేట్లు కడిగే పదహారేళ్ళ కుర్రాడికి ఎంత ఇవ్వాలి? 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పాత మూడో సెక్షనులోని వయసు తరగతులు అందులో లేవు. కనీస రేటుకు నైపుణ్యం, ప్రాంతం, పని కష్టం చూడమంది. సంతోషించాను. కాని వివక్ష కూడదన్న చోట లింగం ఒక్కటే రాశారు, వయసు రాయలేదు. అప్రెంటిసుల చట్టం కిందివాళ్ళను ఉద్యోగుల లెక్కలోంచి తీసేశారు, ఆ చట్టంలో చేరే వయసు 14 నుంచి మొదలు. ఇక కాగితం మీద అప్రెంటిసు కాని కుర్రాడికి కూడా "పని నేర్చుకుంటున్నాడు లెండి" అనే మాట ఎలాగూ ఉంది. ఆ మాట చట్టానికన్నా పాతది.

ఎంత పాతది అన్నదే ఇప్పుడు నేను చేస్తున్న పని. భూస్వాముల ఇళ్ళలో, మిల్లుల్లో, అంగళ్ళలో రాసుకున్న జీతాల చిట్టాలు పోగుచేస్తున్నాను. ఇప్పటికి పదకొండు దొరికాయి. పెద్ద పాలేరు పేరు, కింద కుర్ర పాలేరు పేరు, ఎదురుగా గింజల లెక్క. ఒక దాంట్లో ఒకే పేరు వరసగా తొమ్మిదేళ్ళు కుర్ర పాలేరుగానే ఉంది. ఆ తొమ్మిదేళ్ళలో వాడికి మీసాలు రాలేదంటే నేను నమ్మను. వయసు అనేది యజమాని కలం చివర ఉండేదని చూపటానికి నాకు ఇంకా పుస్తకాలు కావాలి.

మాస్టారి కుటుంబ సభ్యులు ముందు వరసలోనే ఉన్నారు. వాళ్ళ తాతగారి చిట్టాలు పాత ఇంటి అటక మీద ఉన్నాయని మాస్టారే ఒకసారి నాతో అన్నారు. అవి ఇవ్వమని ఈ సభాముఖంగా అడుగుతున్నాను. మిగతావాళ్ళ ఇళ్ళల్లోనూ ఉండి ఉంటాయి, చెదలు పట్టకముందే చూడండి. బయట గుమ్మం దగ్గర మా అమ్మాయి రిజిస్టరు పెట్టుకుని కూచుంటుంది, పుస్తకానికి రసీదు ఇస్తుంది. ఫొటోలు తీసుకుని నెలలోపు తిరిగిచ్చేస్తాం. ఇంటిపేర్లు బయటపడతాయని మొహమాటముంటే వాటి మీద కాగితం అంటించి ఇవ్వండి. వయసు, కూలి మాత్రం కనబడేలా ఉంచండి.