విపణిప్రాసాదముల యుదయాస్తమయములు
(వీపనగండ్ల వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



వర్తకమును తరతరముల యనుభవముచే నెరిగిన మీ యెదుట, జీవితమంతయు బడిలో శబ్దమంజరి చెప్పిన నావంటి వృద్ధుడు వర్తకమును గూర్చి మాటలాడుట సాహసమే. అయినను కార్యవర్గమువా రాజ్ఞాపించిరి. అంతకు మించి యొక బాధ నన్ను బురికొల్పుచున్నది. దానిని చివర విన్నవింతును.

నగరముల పొలిమేరలయందు వెలయు ‘మాల్’ అను విపణిప్రాసాదము మనకు గ్రొత్తదిగా దోచును గాని, దాని మర్మము మన పెబ్బేరు సంతలోనే యున్నది. జనులచ్చటికి బోవుట పశువులకును గొఱ్ఱెలకును. వానికై వచ్చినవారే పలుపులు, ముకుత్రాళ్లు, గజ్జెలు కొందురు. పశువు రానినాడు పలుపులవాడేమి చేయును? మాలునందు పశువు స్థానము పెద్ద దుకాణమునది. దానికై జనులు వత్తురు. ఆ జనులకై చిన్న దుకాణదారులు వత్తురు. కావుననే పెద్దవానికి గజమునకు కిరాయి తక్కువ, చిన్నవానికి నెక్కువ.

ఇట్టి కట్టడములకు మూలపురుషుడని చెప్పదగినవాడు విక్టర్ గ్రూయెన్ అను వాస్తుశిల్పి. వియన్నాలో జనించి, 1938లో నాజీల యుపద్రవమువలన నమెరికా చేరెను. మిన్నియాపోలిస్ శివారైన ఈడైనాలో నాయన రూపించిన సౌత్‌డేల్ 1956 అక్టోబరు 8న తెరువబడెను. ఒకరితో నొకరు పోటీపడు రెండు పెద్ద దుకాణములను సమశీతోష్ణమైన యొకే కప్పు క్రింద జేర్చెను. చుట్టును ఇండ్లు, బడులు, ఉద్యానములు వెలసి యదియొక యూరగునని యాయన తలంపు. వెలసినది మాత్రము మోటారుకార్లు నిలుపు బయలు. తుద కాయనయే యిట్టి కట్టడములు తన సంతతి కావని నిరాకరించెను.

1954లో నా దేశపు పన్నుచట్టము గ్రొత్త కట్టడములు గట్టువారికి లాభమొసగెను. 1956లో రాజమార్గముల శాసనము వచ్చెను. దానితో జనుల యవసరమునకు మించి కట్టిరి. శికాగో శివారైన హార్వీలో 1966లో తెరచిన డిక్సీ స్క్వేర్ 1978లోనే మూతబడి, ముప్పదేండ్లకు పైగా పాడువడి, 2012లో గూలద్రోయబడెను. క్లీవ్‌లాండు చెంత 1976లో మహావైభవముతో దెరచిన రాండల్ పార్కు 2009లో మూతబడెను. 2018లో నా నేలపై అమెజాన్ సంస్థ గిడ్డంగి తెరచెను. అంగడికి బోటియైన వర్తకమే యంగడి నేలపై నిలిచినదన్నమాట.

పతనక్రమ మంతట నొక్కటే. పెద్ద దుకాణము లేచిపోవును. జనులు తగ్గుదురు. చిన్నవారు కిరాయి తగ్గింపుమందురు, లేదా ఖాళీ చేయుదురు. ఆదాయము తగ్గినకొలది దీపములు, శుభ్రత, కావలి తగ్గును. అది చూచి మిగిలిన జనులును మానుదురు.

మన దేశమున 1999లో ఢిల్లీలో తెరచిన అన్సల్ ప్లాజా మొదట జనులతో గ్రిక్కిరిసి, క్రొత్త మాలులు వచ్చినపిదప వెలవెలబోయెను. 2023లో నెనిమిది మహానగరములందు నూటికి నలువదికి పైగా స్థలము ఖాళీయైన విపణులు 64 కలవని నైట్ ఫ్రాంక్ సంస్థవారు 2024లో లెక్క దేల్చిరి. అట్లని ప్రతి కట్టడము నశించుననరాదు. 1935లో వెలసిన హైదరాబాదు మొజంజాహి మార్కెట్టునుండి పండ్ల వర్తకము గడ్డిఅన్నారమునకు దరలిపోయినను, అది నడిబజారున నిలిచి, 2020లో జీర్ణోద్ధరణము పొందినది.

ఇక నా బాధ. నా శిష్యుడొకడు, మనవాడే, తండ్రి కిరాణా కొట్టు నమ్మి, అప్పు చేసి, నగరపు శివారున నొక మాలులో మూడవ యంతస్తున జిన్న గది కొనెను. రెండేండ్లకు పెద్ద దుకాణము లేచిపోయెను. గదులొక్కొక్కటి యొక్కొక్కరి సొత్తగుటచే, క్రొత్తవానిని దెచ్చుటకు నెవ్వరును గలిసిరాలేదు. గదికి తాళము మిగిలెను, అప్పునకు వడ్డీ మిగిలెను. పోయినయేడు మా యింటికి వచ్చి, “సారూ! చక్రవడ్డీ లెక్క నేర్పితిరి, సంతకము పెట్టకముందేమి యడుగవలెనో నేర్పలేదు” అనెను. ఆ మాట నన్ను నిద్రపోనీయకున్నది.

ఆనాడు నేర్పనిది నేడు చెప్పుచున్నాను. గదులు విడివిడిగా నమ్ముచున్నారా, లేక యొకే యజమాని కిరాయి కిచ్చుచున్నాడా? పెద్ద దుకాణమువాని యొప్పంద మెన్నేండ్లు? అతడు లేచిపోయిన మన కిరాయి తగ్గునా? నేడెన్ని గదులు ఖాళీ? నిర్వహణపు ఖర్చెవరిది? ఈ యైదింటికి వ్రాతమూలకముగా నుత్తరము రానిచో సంతకము పెట్టవలదు.

మన సంఘమువారు నలుగురు పెద్దలను, నొక న్యాయవాదిని నియమించి, యువకులు తెచ్చు నొప్పందపత్రములను ఉచితముగా జదివి చెప్పు నేర్పాటు చేయవలెనని ప్రార్థించుచున్నాను. సత్రము గట్టుట పుణ్యమే. ఒక కుటుంబపు కొట్టు నిలుపుటయు నంతటి పుణ్యమే.