కలివికోడి పక్షమున ఒక వకాలతు

(బ్రహ్మంగారిమఠము పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



ఇరువదియేండ్లకు పైగా నేను కోర్టులలో అన్యుల పక్షమున వాదించుచున్నాను. నేడు మీ ముందు నేను వకాలతు పుచ్చుకొనిన కక్షిదారు ఫీజు ఇయ్యదు, సాక్ష్యము చెప్పదు, పగటివేళ ఎవరికిని కనబడదు. దాని పేరు కలివికోడి. మన కడప జిల్లాలో సిద్ధవటము, బద్వేలు ప్రాంతముల నానుకొనియున్న లంకమల పాదమున, కలివి మొదలగు ముండ్లపొదల నడుమ అది జీవించును.

ఇది ఇంచుమించు 27 సెంటీమీటర్ల పొడవుగల చిన్న పక్షి. దాని రొమ్ముపై రెండు పట్టీలు, కంఠమున ఎఱ్ఱని మచ్చ, రాత్రి చూపునకు తగిన పెద్ద కన్నులు కలవు. రెక్కలున్నను, అపాయము తోచినప్పుడు ఎగురుటకంటె పొదల సందున పరుగెత్తుటయే దానికి ప్రియము. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట కొంతసేపు మాత్రము కూయును. తరువాత నిశ్శబ్దముగా చెదలు మొదలగు పురుగుల నేరుకొని తినును. పరిశోధకులు సైతము దానిని కన్నులార చూచుట అరుదు. బాటపై మెత్తని మన్ను పఱచి, తెల్లవారిన తరువాత అందలి కాలిగుర్తులనుబట్టి దాని ఉనికిని కనుగొనిరి.

ఈ పక్షి చరిత్రము వినదగినది. మదరాసు సైన్యమున వైద్యుడైన జెర్డన్ దొర దీనిని కనుగొనగా, 1848లో శాస్త్రజ్ఞులు దీనికి నామకరణము చేసిరి. 1900లో అనంతపురము ప్రాంతమున ఒకరు చూచిరి. అటుపిమ్మట 86 ఏండ్లు పండితులెవ్వరికిని అది కనబడలేదు. ఎందఱో వెదకి విసిగిరి. ఆ జాతి నశించినదని తలచిరి. తుదకు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ గారు మన పల్లెలకు వచ్చి, పక్షి చిత్తరువు చూపి, ఎఱిగినవారెవరని అడిగిరి. 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న అను వేటగాడు దానిని పట్టి తెచ్చెను. పట్టిన ఆ పక్షి బ్రతుకలేదు. కాని జాతి బ్రతికియున్నదను వార్త లోకమంతట వ్యాపించెను.

సోదరులారా, ఇందొక సంగతి గమనింపుడు. పండితులకు ఆ పక్షి లేదు, వేటగానికి కలదు. పండితులు నశించినదని వ్రాసికొనిన కాలముననే మన పల్లెలలో దానికొక పేరు వాడుకయందుండెను. చదువుకొన్న మనము, అడవిని ఎఱిగినవానిని అజ్ఞానియని త్రోసివేయుట ఎంత పొరపాటో ఈ ఒక్క ఉదాహరణమే చెప్పుచున్నది. నేడు ఆ పక్షిని కాపాడవలెనన్నను మొదట అట్టివానినే ఆశ్రయింపవలెను.

1988లో ప్రభుత్వము లంకమల్లేశ్వర అభయారణ్యమును ఏర్పఱచెను. అడవి చట్టమున అత్యంత రక్షణ పొందు మొదటి పట్టికలో కలివికోడి పేరు చేరియున్నది. అయినను అంతటితో దాని కష్టములు తీరలేదు.

ఇప్పుడు నా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. నేను రాయలసీమ నీటి ఉద్యమమున సేవకుడను. కరవులో పశువులను సంతకు తోలి రిక్తహస్తములతో తిరిగివచ్చిన రైతులను చూచి పెరిగినవాడను. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము కలివికోడి తిరుగు పొదలలోనికి వచ్చెను, కొంత నేల చెడిపోయెను, అభ్యంతరములు బయలుదేరెను. అప్పుడు నేను న్యాయవాదవృత్తిలో క్రొత్తగా దిగిన యువకుడను. "ఒక పిట్టకొఱకు రైతు నోట మన్ను కొట్టుదురా?" అని ఒక సభలో గొంతెత్తి పలికితిని. జనులు చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లకు నేను మురిసిపోతిని.

తరువాత జరిగినదేమి? వ్యవహారము సర్వోన్నత న్యాయస్థానము నియమించిన కేంద్ర సాధికార సంఘమువఱకు పోయెను. కాలువ త్రోవ మార్చబడెను. ఆ మార్పువలన తెలుగుగంగ ఆగిపోలేదు. కృష్ణాజలములు వెలుగోడు మీదుగా వచ్చి, మీ యూరి ప్రక్కనున్న బ్రహ్మంసాగరమున నిలుచుటను మీరే చూచితిరి. పక్షియా, రైతా అని నేను వేసిన ప్రశ్నయే తప్పు. త్రోవ సరిగా వెదకిన ఇద్దఱికిని చోటు కలదని కాలువయే నాకు నేర్పినది. ఎదుటి పక్షపు కాగితములను చదువకుండ వాదించిన వకీలు ఎంతటివాడో ఆనాడు నేనంతటివాడను.

మఱియొక సంగతి. కలివికోడికి దట్టమైన కీకారణ్యము పనికిరాదు, బోడినేలయు పనికిరాదు. పొదకును పొదకును నడుమ పరుగెత్తుటకు చోటుండవలెను. మితముగ మేకలు మేయుటవలనను, వంటచెఱకు కొట్టుటవలనను ఆ పొదలు తగినట్టుండునని పరిశోధకులు కనుగొనిరి. మితిమీరిన మేతయు నఱకుటయు వానిని నాశనము చేయును. కాబట్టి మేకలకాపరి ఈ పక్షికి శత్రువు కాడు. దానికి శత్రువు మన కాగితములలోని ఒక మాట: "బంజరు." ముండ్లపొదల నేలను చూచి ఇది వ్యర్థమని వ్రాసివేయుదుము, యంత్రము తెచ్చి ఒక్కదినమున చదును చేయుదుము. మనకు వ్యర్థమైనది మఱియొకరి ఇల్లు.

అలుగును తలంచుడు. అపాయమున అది ఉండవలె చుట్టుకొనును. చిఱుతపులి పండ్లు ఆ పొలుసులలో దిగుట కష్టము. లక్షల సంవత్సరములు దానిని కాపాడిన ఆ విద్యయే మనుష్యుని చేతిలో దానికి మృత్యువైనది. పరుగెత్తక ముద్దయై పడియున్నదానిని ఎత్తి సంచిలో వేసికొనుట ఎంత సులభము! మృగములు తమ శత్రువులందఱికిని ఉపాయము నేర్చినవి. మనకు ఉపాయము నేర్చుటకు వానికి వ్యవధి చాలలేదు. కావున వానికి రక్షణ మనమే కావలెను.

ఇది దయాభిక్ష కాదు, ధర్మము. 1976లో రాజ్యాంగమునకు చేర్చిన 51ఏ అధికరణము వన్యప్రాణులను రక్షించుటయు, జీవులయెడ కరుణ చూపుటయు ప్రతి పౌరుని విధియని చెప్పుచున్నది. 2013లో గిర్ సింహముల వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, మనుష్యుని లాభమును కాక ఆ జాతి మేలునే కొలతగా గొని చూడవలెనని తీర్పు చెప్పెను.

కలివికోడి జాతిలో పెరిగిన పక్షులు 250కి లోపేయని అంచనా. పెక్కేండ్లు జాడ తెలియక, ఇక లేదేమోయని దిగులుపడుచుండగా, 2025 ఆగస్టులో మన సీమలోనే దాని కూత మరల వినబడెను. ఆ కూత మనకు రెండవ అవకాశము. మూడవది దొరకునని నేను హామీ ఇయ్యలేను.

మీరు చేయవలసినదేమి? ఉచ్చులు పన్నువారిని వారింపుడు. పొదనేలను దున్నించుటకు అర్జీ వచ్చినప్పుడు పంచాయతీలో లేచి ఒక్క ప్రశ్న అడుగుడు. కూత విన్న కాపరి మాటను నవ్వి త్రోసివేయక అటవీశాఖవారికి తెలుపుడు. దీపములు పట్టుకొని చూడబోవలదు. దానిని చూడకుండుటయే నేడు మనము దానికి చేయగల మేలు.

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు ఆలమంద చుట్టు గిరి గీయగా, ఆవులు దానిని దాటక మేసెనని మన పెద్దలు చెప్పుదురు. నేడు గిరి గీయవలసినది పశువుల చుట్టు కాదు, మన ఆశల చుట్టు. స్వామి సమాధియున్న యూరివారు ఆ గిరిని దాటరని నమ్మి, నా కక్షిదారును మీకప్పగించి విరమించుచున్నాను.